టీకా రోజున ఎదురయ్యే చిక్కులు: కారణాలు, పరిష్కారాలు

తిరుపతి, చిత్తూరు జిల్లాల్లో బుధ, శనివారాల్లో టీకాలు వేసే ఏఎన్ఎంలను (గ్రామ ఆరోగ్య కేంద్రాల నర్సులను), వారికి తోడుండే ఆశా కార్యకర్తలను, పీహెచ్‌సీ (ప్రాథమిక ఆరోగ్య కేంద్రం) వైద్యాధికారులను దృష్టిలో పెట్టుకొని ఇది రాస్తున్నాను. సెషన్లను పర్యవేక్షిస్తూ తిరిగిన ఏళ్లలో నాకు బాగా అర్థమైన విషయం ఒకటుంది. టీకా పడని బిడ్డ కనిపించగానే ‘తల్లి నిర్లక్ష్యం’ అని రిజిస్టరులో రాసేయడం మనకు అలవాటు. ఓపిగ్గా వెనక్కి వెళ్లి చూస్తే తేడా చాలాసార్లు మన జాబితాలోనో, టీకాలు మోసుకెళ్లే మన క్యారియర్‌లోనో, మనం చెప్పకుండా వదిలేసిన మాటలోనో బయటపడుతుంది. అందుకే ఇక్కడ ప్రతి సమస్యకూ కారణాన్ని ముందుగా మన వైపు నుంచే వెతికాను.

డ్యూ లిస్టులో (టీకా పడవలసిన పిల్లల జాబితాలో) పేరుంది, బిడ్డ మాత్రం రాలేదు

మన ప్రాంతంలో దీనికి అన్నిటికన్నా పెద్ద కారణం పుట్టిల్లు. తొలి కాన్పుకు ఆడపిల్ల పుట్టింటికి వెళ్లి, బిడ్డకు మూడో నెలో అయిదో నెలో వచ్చాక అత్తవారింటికి తిరిగి వస్తుంది. సరిగ్గా ఆ కాలంలోనే 6, 10, 14 వారాల టీకాలు పడాలి. అత్తవారి ఊరి జాబితాలో ఆమె గర్భిణిగా నమోదై ఉంటుంది, పుట్టింటి ఊరి జాబితాలో ఆమె పేరే ఉండదు. ఇద్దరు ఏఎన్ఎంలలో ఎవరికి వారు ఆ బిడ్డ రెండో వారి పరిధిలో ఉందనుకుంటారు. ఇక కుప్పం, నగరి, సత్యవేడు వంటి సరిహద్దు ప్రాంతాల్లో పుట్టిల్లు తమిళనాడులోనో కర్ణాటకలోనో ఉండడం మామూలు విషయం.

నగరి వైపు ఒక సెషన్‌లో చూసిన సంగతి చెబుతాను. ఒక తల్లి పసుపు మరకలు పడిన ప్లాస్టిక్ కవరులోంచి నాలుగు మడతల కార్డు తీసి ఇచ్చింది. కార్డంతా తమిళంలో ఉంది. ఏఎన్ఎం దాన్ని ఒకసారి అటూ ఇటూ తిప్పి పక్కన పెట్టి, మొదటి డోసు పెంటా (అయిదు జబ్బులకు కలిపి ఇచ్చే టీకా) వేయడానికి సిరంజి తీసింది. కార్డు విప్పి బల్లమీద పరిచి చూస్తే తేదీలన్నీ మామూలు అంకెల్లోనే ఉన్నాయి. పుట్టిన తేదీ నుంచి లెక్కపెట్టగా రెండు విడతలు పూర్తయ్యాయని, ఆ రోజు వేయవలసింది మూడో విడత అని రెండు నిమిషాల్లో తేలింది. భాష తెలియకపోయినా తేదీల మధ్య ఉన్న వారాలు లెక్కపెడితే చాలావరకు తెలిసిపోతుంది. అప్పటికీ సందేహం మిగిలితే, టీకా వేసిన ఊరి ఆరోగ్య కేంద్రానికి ఆ తల్లి ఫోన్ నుంచే మాట్లాడి నిర్ధారించుకోవాలి.

పరిష్కారం కాన్పుకు ముందే మొదలు కావాలి. ఏడో నెల పరీక్షకు వచ్చినప్పుడే ‘కాన్పుకు ఎక్కడికి పోతావమ్మా, ఎన్ని నెలలు ఉంటావు’ అని అడిగి, పుట్టింటివారి ఊరి పేరు, ఇంట్లో ఎప్పుడూ పనిచేసే ఒక ఫోన్ నంబరు రాసుకోవాలి. భర్త నంబరు ఒక్కటే రాసుకుంటే రీఛార్జి అయిపోయిన రోజున దారి మూసుకుపోతుంది. రెండు ఊళ్ల ఆశాలు ఒకసారి మాట్లాడుకుంటే బిడ్డ ఎవరి జాబితాలో ఉండాలో తేలిపోతుంది. యు-విన్‌లో (టీకాలు నమోదు చేసే ప్రభుత్వ పోర్టల్) ఎక్కడ నమోదైన బిడ్డకైనా దేశంలో ఎక్కడైనా టీకా వేసి వివరాలు ఎక్కించే వీలుంది కనుక, కొత్తగా నమోదు చేసే ముందు పాత ఫోన్ నంబర్లన్నిటితో తప్పనిసరిగా వెతకాలి. అలా వెతకకపోతే ఒకే బిడ్డ రెండు పేర్లతో నమోదై, రెండు చోట్లా ‘బకాయి’గా కనిపిస్తుంది. యు-విన్‌లో ఎక్కించినంత మాత్రాన పని పూర్తి కాదు. తల్లి చేతిలోని కార్డులో కూడా అదే రోజు తేదీ వేయాలి.

ఇటుక బట్టీలకు వచ్చిన కుటుంబాలు, పులికాట్ వైపు మత్స్యకారులు, ఊరి చివర ఉండే యానాదుల గుడిసెలు, తిరుపతి చుట్టూ భవన నిర్మాణాల దగ్గర షెడ్లలో ఉండేవారు ఏ జాబితాకూ చిక్కరు. వీరి కోసం ఇల్లిల్లూ తిరిగి విడిగా లెక్క తీయడం తప్ప దగ్గరి దారి లేదు. పొద్దున్నే పనికి వెళ్లిపోయే తల్లికి పదకొండు గంటల సెషన్ వల్ల ఉపయోగం లేదు. ఆ ఒక్క చోట సెషన్ వేళ మార్చమని వైద్యాధికారిని అడగడానికి సంకోచించవద్దు.

బిడ్డ ఆలస్యంగా వచ్చింది, ఎక్కడి నుంచి మొదలుపెట్టాలో తెలియడం లేదు

మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టడం మనం ఎక్కువగా చేసే పొరపాటు. ఎంత ఆలస్యమైనా వేసిన డోసు వేసినట్టే లెక్క. ఆగిన చోటు నుంచి కొనసాగించాలి, పెంటా డోసుల మధ్య కనీసం 4 వారాల ఎడం ఉంచాలి. బీసీజీ (క్షయ టీకా) ఏడాది లోపు ఎప్పుడైనా వేయవచ్చు. పెంటా ఏడాది లోపు ఒక్క డోసైనా మొదలై ఉంటే దాన్నే పూర్తి చేయాలి, ఏడాది దాటేదాకా ఒక్కటీ పడకపోతే డీపీటీతో (డిఫ్తీరియా, కోరింత దగ్గు, ధనుర్వాతం టీకా) సాగాలి. ఎంఆర్ (మీజిల్స్, రుబెల్లా టీకా) 5 ఏళ్ల వరకు వేయవచ్చు. పుట్టగానే ఇచ్చే హెపటైటిస్-బి డోసుకు మాత్రం 24 గంటలే గడువు. జలుబు, కొద్దిపాటి దగ్గు, విరేచనాలు, బిడ్డ బరువు తక్కువగా ఉండడం టీకా ఆపడానికి కారణాలు కావు. ‘జలుబు తగ్గాక రా’ అని పంపిన బిడ్డ మళ్లీ ఎప్పుడు వస్తుందో చెప్పలేం.

తొమ్మిదో నెల దాటింది, ఐపీవీ (సూదితో ఇచ్చే పోలియో టీకా) మూడో డోసు పడలేదు

2023 జనవరి నుంచి ఐపీవీ చిన్న డోసు, అంటే చర్మం పొరల్లోకి ఇచ్చే 0.1 మిల్లీలీటరు, 6, 14 వారాలతో పాటు 9 నెలలకు కూడా ఇవ్వాలి. ఇది తప్పిపోవడానికి ప్రధాన కారణం పాత కార్డులే. వాటిలో మూడో డోసుకు గడి లేదు కనుక చేయి కూడా అటు వెళ్లదు. పాత కార్డు కనిపించిన వెంటనే తొమ్మిదో నెల వరుసలో పెన్నుతో గీత గీసి ‘ఐపీవీ-3’ అని రాసిపెట్టండి. మొదటి రెండు డోసులు కుడి పైచేతికి, మూడోది ఎడమ పైచేతికి వేయాలి. అదే రోజు ఎంఆర్ కుడి చేతికి, పీసీవీ (న్యుమోనియా టీకా) బూస్టరు తొడకు పడతాయి. ఒకే రోజు మూడు సూదులంటే తల్లి వెనకాడుతుంది. మూడూ ఒకే రోజు వేయడం సురక్షితమని, మళ్లీ పనిమాని రావలసిన అవసరం తప్పుతుందని సూది చేతిలోకి తీసుకోకముందే చెప్పాలి.

పెంటా సీసాలో గడ్డలు, పలుకులు కనిపిస్తున్నాయి

మన ఎండలు చూసి అందరూ వేడికే భయపడతారు. శ్రీకాళహస్తి, రేణిగుంట వైపు మే నెల ఎండ చూసినవారికి ఆ భయం సహజమే. అయితే పెంటా, హెపటైటిస్-బి, డీపీటీ, టీడీ (ధనుర్వాతం, డిఫ్తీరియా టీకా), ఐపీవీ, పీసీవీ టీకాలకు గడ్డకట్టడం అంతకన్నా ప్రమాదకరం. ఒకసారి గడ్డకట్టిన టీకా కరిగి మామూలుగా కనిపించినా పనిచేయదు. సీసా మీద ఉండే వీవీఎం అనే రంగు గుర్తు వేడిని మాత్రమే లెక్కిస్తుంది. గడ్డకట్టిన సంగతి అది చెప్పలేదు కనుక వీవీఎం బాగుంది కదా అని ధైర్యపడకూడదు.

దీనికి కారణం చాలావరకు ఐస్ ప్యాకే. డీప్ ఫ్రీజర్‌లోంచి తీసిన ప్యాకును హడావిడిలో నేరుగా క్యారియర్‌లో పెట్టేస్తే దానికి ఆనుకున్న సీసా దారిలోనే గడ్డకడుతుంది. ప్యాకులను బల్లమీద విడివిడిగా పరిచి, పైన చెమట పట్టేదాకా ఆగి, ఒక్కొక్కటీ చెవి దగ్గర పెట్టుకొని ఊపండి. లోపల నీళ్లు కదిలిన చప్పుడు వినపడాలి. ఆ చప్పుడు వినపడని ప్యాకు క్యారియర్‌లోకి వెళ్లకూడదు. ఇందుకు ఎన్ని నిమిషాలు పడుతుందన్నది ఆ రోజు గది వేడిని బట్టి ఉంటుంది. అందుకని గడియారం చూడకుండా చెవినే నమ్మండి. సీసాలను జిప్ కవరులో పెట్టి, నాలుగు ప్యాకుల మధ్య ఉంచాలి.

రెండో కారణం టీకాలు దాచే ఫ్రిజ్ అయిన ఐఎల్ఆర్‌లో సర్దిన తీరు. అడుగుభాగం ఎక్కువ చల్లగా ఉంటుంది కనుక గడ్డకడితే పాడయ్యే టీకాలు పైన బుట్టలో ఉండాలి, సీసాలు అడుగునూ గోడలనూ తాకకూడదు. ఉష్ణోగ్రత +2 నుంచి +8 డిగ్రీల మధ్య ఉందో లేదో రోజుకు రెండుసార్లు చూసి రాయాలి, ఆదివారాలకూ పండుగలకూ మినహాయింపు లేదు. గడ్డకట్టిన సీసా కనబడితే పరీక్షలేమీ అవసరం లేదు, వాడకూడదంతే. అనుమానం మాత్రమే ఉంటే ఆ సీసాలను విడిగా పెట్టి వైద్యాధికారికి చెప్పాలి. ఆ అనుమానం తీరనంతవరకు వాటిని బిడ్డకు వేయకూడదు.

కరెంటు పోయింది

ఐఎల్ఆర్ మూత తెరవవద్దు. మూత మూసి ఉన్నంతసేపూ లోపలి చల్లదనం నిలిచి ఉంటుంది. 2021 నవంబరులో తిరుపతి వీధుల్లోకి వరద వచ్చినటువంటి రోజుల్లో కరెంటు ఎప్పుడు తిరిగి వస్తుందో తెలియదు. అప్పుడు టీకాలను ఏ కేంద్రానికి తరలించాలి, ఏ వాహనంలో, ఎవరికి ఫోన్ చేయాలి అన్నది వానాకాలానికి ముందే కాగితం మీద రాసి ఐఎల్ఆర్ గది గోడకు అంటించి ఉంచాలి. స్టెబిలైజరు లేకుండా ఐఎల్ఆర్‌ను ఒక్కరోజు కూడా నడపకూడదు.

ఒక్క బిడ్డే వచ్చింది, పది డోసుల సీసా తెరవడానికి చేయి రావడం లేదు

‘ఇంకో నలుగురు వచ్చాక వేస్తాను’ అని తల్లిని కూర్చోబెట్టడం, చివరికి వచ్చే వారం రమ్మనడం నేను చాలాచోట్ల చూశాను. వృథా లెక్క అడుగుతారన్న భయమే దీనికి మూలం. ఒక్క బిడ్డ కోసమైనా సీసా తెరవాల్సిందే. పర్యవేక్షకులుగా మనం కూడా వృథా అంకెను చూసి ఏఎన్ఎంను మందలించే ముందు, ఆ రోజు ఎందరు పిల్లలు వెనక్కి వెళ్లారో అడగాలి.

తెరిచిన సీసాల విషయంలో రెండు నియమాలు కలగాపులగం చేయకూడదు. పెంటా, ఓపీవీ (పోలియో చుక్కలు), డీపీటీ, టీడీ, హెపటైటిస్-బి, ఐపీవీ, పీసీవీ సీసాలను తెరిచిన తేదీ, వేళ సీసా మీద రాసి, గడువు దాటకుండా, వీవీఎం బాగుండి, మూత నీళ్లలో మునగకుండా, గడ్డకట్టకుండా చల్లదనంలో ఉంచితే 28 రోజుల వరకు తర్వాతి సెషన్లలో వాడవచ్చు. బీసీజీ, ఎంఆర్ మాత్రం డైల్యూయెంట్‌తో (పొడి టీకాను కరిగించే ద్రవంతో) కలిపిన 4 గంటల తర్వాత వాడకూడదు. కలిపిన వేళ రాయని సీసా కనబడితే అది ఎప్పుడు కలిపిందో ఊహించే ప్రయత్నం చేయక పక్కన పెట్టేయండి. డైల్యూయెంట్ ఆ టీకాతో పాటు వచ్చినదే కావాలి, ముందురోజే ఐఎల్ఆర్‌లో పెట్టి చల్లబరచాలి. 2014లో సిరియాలో మీజిల్స్ టీకాను డైల్యూయెంటుకు బదులు కండరాలను సడలించే మందుతో కలపడం వల్ల 15 మంది పిల్లలు చనిపోయారు. అందుకే ఐఎల్ఆర్‌లో టీకాలు, వాటి డైల్యూయెంట్లు తప్ప వేరే ఏ మందూ ఉంచకూడదు.

టీకా వేశాక జ్వరం వచ్చిందని ఇంటివారు ఆగ్రహిస్తున్నారు

పెంటా వేసిన ఒకటి రెండు రోజుల్లో జ్వరం, సూది వేసిన చోట వాపు రావచ్చు. ఎంఆర్ తర్వాత అయితే వారం, పది రోజులకు కొద్దిపాటి జ్వరమో, దద్దుర్లో కనబడవచ్చు. ఇవి తగ్గిపోయేవే. ముందు చెప్పలేదు కనుకనే ఇంటివారికి కోపం. ఏ టీకా వేశాం, ఏ ఇబ్బంది రావచ్చు, వస్తే ఏం చేయాలి, మళ్లీ ఎప్పుడు రావాలి, కార్డు ఎందుకు దాచాలి అన్నవి తల్లితో పాటు పక్కనున్న అత్తకో అమ్మమ్మకో కూడా చెప్పండి. రాత్రి జ్వరం వచ్చినప్పుడు నిర్ణయం తీసుకునేది తరచుగా వాళ్లే.

టీకా వేశాక 30 నిమిషాలు బిడ్డను అక్కడే ఉంచాలి. ఒంటిమీద దద్దుర్లు లేచి, ఊపిరి ఆడక, బిడ్డ సోలిపోతే అది అనాఫిలాక్సిస్ (ప్రాణాంతకమైన అలర్జీ) కావచ్చు. కిట్‌లోని చార్టు ప్రకారం వయసుకు తగిన అడ్రినలిన్ డోసు తొడ కండరానికి వెంటనే ఇచ్చి, 108కు ఫోన్ చేసి, వైద్యాధికారికి తెలపాలి. కిట్‌లో అడ్రినలిన్ గడువు తేదీని సెషన్‌కు బయలుదేరే ముందే చూసుకోవాలి. తీవ్రమైన ఘటన ఏదైనా జరిగితే వాడిన సీసాలను పారవేయకుండా ‘వాడకూడదు’ అని రాసి విడిగా చల్లదనంలో భద్రపరచాలి. ఘటన లేని రోజున కూడా కలిపిన బీసీజీ, ఎంఆర్ సీసాలను అలాగే గుర్తు పెట్టి 48 గంటలపాటు లేదా తర్వాతి సెషన్ వరకు, ఏది ముందైతే అంతవరకు, ఐఎల్ఆర్‌లో ఉంచి, ఆ తర్వాతే పారవేయాలి.