ఒకే తోట, ఐదు కోతలు: బోర్డో రెడ్ వైన్‌ను రుచి చూసి అంచనా కట్టడం ఎలా?

బోర్డో సీసా మీద వేసిన సంవత్సరం ద్రాక్ష కోసిన సంవత్సరం. దాన్నే వింటేజ్ అంటారు. ఫ్రాన్స్‌కు నైరుతిన, అట్లాంటిక్ గాలి తగిలే ఆ ప్రాంతంలో ఏ రెండేళ్ళూ ఒకేలా గడవవు. ఏప్రిల్‌లో మంచు పడినా, పూత మీద వాన కురిసినా, సెప్టెంబరంతా ఎండ కాసినా అన్నీ వైన్‌లోకి చేరతాయి. ఆ తేడా నాలుకకు తెలియాలంటే ఒకే తోట వైన్‌ను వేర్వేరు ఏళ్ళవి వరసగా పెట్టుకుని చూడాలి. దీనికి వర్టికల్ టేస్టింగ్ అని పేరు. ఒకే ఏడాదివి వేర్వేరు తోటలవి పెడితే అది హారిజాంటల్. కొత్తవాళ్ళకు మొదటిదే మేలని నా నమ్మకం. నేల మారదు కాబట్టి కనిపించే తేడాలో ఎక్కువ భాగం వాతావరణానిదీ వయసుదీ అవుతుంది.

తోటనూ ఏళ్ళనూ ఎంచుకోవడం

1855లో మెదోక్ ప్రాంతపు మేటి రెడ్ వైన్‌లను ఐదు తరగతులుగా విభజించారు. మెదోక్ బయట, గ్రావ్ ప్రాంతం నుంచి ఓ బ్రియాన్ అనే తోట ఒక్కటే ఆ జాబితాలో చేరింది. మొదటి తరగతివైన లాఫిట్, లాటూర్, మార్గో, ఓ బ్రియాన్, 1973లో పై తరగతికి ఎక్కిన ముటోన్ ఈ పనికి అక్కర్లేదు. అంత ధర పెడితే బాగాలేదని రాయడానికి చెయ్యి రాదు. మెదోక్‌లోని మూలీలో ఉన్న షాస్ స్ప్లీన్‌లాంటి తోట చాలు. అది 1855 జాబితాలో లేదు, అయినా మంచి పేరుంది.

నది ఎడమ ఒడ్డున ఉన్న మెదోక్ గులకరాళ్ళ నేలల్లో కాబెర్నే సావిన్యోన్ రకం ద్రాక్షది పైచేయి. కుడి ఒడ్డున సాంతెమిలియోన్, పోమెరోల్‌లలో మెర్లోది. రెండు ఒడ్లనూ ఒకే రోజు కలపకండి.

ఏళ్ళ విషయంలో గొప్పవే ఏరుకోవద్దు. నేనైతే 2003, 2009, 2010, 2013, 2016 తీసుకుంటాను. 2013 లాంటి కష్టకాలపు కోత పక్కన లేకపోతే 2016 ఎందుకు గొప్పదో అర్థం కాదు.

పాత సీసా కొనేటప్పుడు వైన్ ఎక్కడిదాకా ఉందో చూడండి. మెడ దగ్గర ఉంటే సరే. భుజం కిందకు దిగిందంటే గాలి చేరి ఉండొచ్చు, వదిలేయండి.

ముందురోజు, ఆ రోజు

సీసాలను ఒక రోజు ముందే నిలబెట్టాలి, మడ్డి అడుగుకు దిగుతుంది. రెడ్ వైన్‌ను గది వేడిమిలో తాగాలన్న మాట ఫ్రాన్స్‌లోని చల్లటి పాత ఇళ్ళకు చెందినది. హైదరాబాద్‌లోనో విజయవాడలోనో 32 డిగ్రీల గదికి అది వర్తించదు. 16 నుంచి 18 డిగ్రీలు ఉండాలి. ఫ్రిజ్‌లో పెట్టి మధ్యమధ్య థర్మామీటర్‌తో చూసుకోండి. వేడిగా ఉంటే ఆల్కహాల్ ముక్కుకు ఎక్కుతుంది, మరీ చల్లబడితే వగరు మొరటుగా తేలుతుంది.

ఆ గదిలో అగరుబత్తి, మల్లెపూలు, సెంటు ఉండకూడదు. కారంగా ఏదైనా తిన్న వెంటనే కూర్చోవద్దు. మంచినీళ్ళు, ఉత్త బ్రెడ్, ఉమ్మడానికి ఒక పాత్ర పెట్టుకోండి. ఐదు వైన్‌లు మింగితే చివరిదాని గురించి రాసిన మాటకు విలువ ఉండదు. మనిషికి 50 మిల్లీలీటర్ల చొప్పున పోస్తే 750 మిల్లీలీటర్ల సీసా పన్నెండు మందికి సరిపోయి, మడ్డి పోగా కొంత మిగులుతుంది. ఆ మిగిలింది పారబోయకండి, పని ఉంది.

2010, 2016లను రెండు గంటల ముందే డికాంటర్‌లోకి, అంటే వైన్‌కు గాలి తగిలేలా వంపుకునే గాజు కూజాలోకి, వంపండి. 2003ను మాత్రం చివరి నిమిషంలో తెరిచి, మెడ కింద లైటు పెట్టి నెమ్మదిగా వంపుతూ, మడ్డి మెడ దాకా రాగానే ఆపేయాలి.

రుచి చూడని మనిషొకరు సీసాలకు కాగితం చుట్టి నంబర్లు వేస్తే మంచిది. బోర్డోలో ఫ్రెడెరిక్ బ్రోషే చేసిన ప్రయోగంలో, ఎర్ర రంగు కలిపిన వైట్ వైన్‌ను 54 మంది రెడ్ వైన్‌కు వాడే మాటలతోనే వర్ణించారు. 2001లో ఆ ఫలితాలు అచ్చయ్యాయి. కన్ను ముక్కును అంతగా నడిపిస్తుంది, లేబుల్ ఇంకా ఎక్కువ.

వరస విషయంలో నిపుణులు రెండు వర్గాలు. నేను పాతదానితో మొదలుపెడతాను. కుర్ర వైన్ వగరు నాలుకకు పట్టేశాక పాతదాని సున్నితమైన వాసనలు అందవు.

చూడటం, వాసన పట్టడం

తెల్ల కాగితం మీద గ్లాసు వంచి అంచు చూడండి. కుర్ర వైన్ అంచు నేరేడుపండు రంగులో ఉంటుంది. మాగేకొద్దీ మాణిక్యం ఛాయకు, ఆపైన ఇటుక రంగుకు తిరుగుతుంది.

గ్లాసు తిప్పకుండా ఒకసారి, తిప్పి ఒకసారి వాసన చూడండి. తడిసిన అట్టపెట్టె, బూజు వాసన వస్తే కార్క్ చెడగొట్టిన సీసా. దాన్ని ఆ ఏడాది తప్పుగా రాయకండి. మంచి సీసాలో మొదట పండు. పుస్తకాలు బ్లాక్‌కరంట్ అంటాయి, మీ ముక్కుకు నేరేడు గుర్తొస్తే నేరేడనే రాయండి. తర్వాత 225 లీటర్ల ఓక్ పీపాలనుంచి వచ్చే వెనిలా, కాల్చిన చెక్క. మాగినవాటిలో తోలు, ఆరబెట్టిన పొగాకు, పెన్సిల్ చెక్కిన పొట్టు, పుట్టగొడుగులు. పచ్చి క్యాప్సికమ్ వాసన గట్టిగా వస్తే కాబెర్నే సరిగా పండలేదేమో అనుకోవాలి.

నోట్లో

ఇక్కడ తెలుగు నాలుకకు ఒక సౌకర్యం ఉంది. వైన్ కొత్తగా నేర్చుకునే చాలామంది టానిన్ అంటే ఏమిటో అర్థం కాక తికమకపడతారు. మనకు దానికి చిన్నప్పటినుంచీ మాటుంది: వగరు. వక్క కొరికినా, పచ్చి అరటికాయ తొక్క నాకినా, నేరేడుపళ్ళు తిన్నా నోరు పిడచకట్టుకుపోయేలా చేసేది అదే. ద్రాక్ష తొక్క, గింజ, ఓక్ చెక్క నుంచి వచ్చే టానిన్ లాలాజలంలోని ప్రోటీన్‌ను పట్టుకుంటుంది, అందుకే నోరు ఎండినట్టుంటుంది. దాన్ని చేదుతో కలపొద్దు. చేదు నాలుకకు తెలిసే రుచి. వగరు చిగుళ్ళ మీద, బుగ్గల లోపల తగిలే స్పర్శ.

గుక్క నోట్లోనే తిప్పి మూడు సంగతులు గమనించండి. వగరు ఎంత ఉందన్నది కాదు, ఎలాంటిదన్నది ముఖ్యం. పచ్చి వక్కలా గీరుతుందా, బాగా మరిగిన టీలా నిండుగా పరుచుకుంటుందా? పులుపు నోట్లో నీళ్ళు ఊరిస్తోందా? ఈ రెండింటినీ మోసేంత పండు ఉందా? ఉమ్మేశాక రుచి ఎన్ని సెకన్లు నిలిచిందో లెక్కపెట్టండి. ఫ్రెంచివాళ్ళు ఆ ఒక్కో సెకనును ఒక కొదాలీ అంటారు.

కాగితాలు విప్పాక మీ రాతలను ఆ ఏళ్ళ వాతావరణంతో పోల్చండి. 2003 వేసవిలో యూరప్‌ను వడగాలులు కాల్చాయి. చాలా వైన్‌లలో పండు జామ్‌లా ఉడికినట్టుంటుంది, పులుపు తక్కువ. 2009 కూడా ఎండకాలమే, కానీ మెత్తగా, ధారాళంగా ఉంటుంది. 2010లో వేసవి పొడిగా గడిచినా రాత్రుళ్ళు చల్లగా ఉండి పులుపు నిలిచింది, వగరూ దండిగా ఉంది. ఓపిక పట్టమనే కోత అది. 2013లో చల్లటి వసంతం పూతను దెబ్బతీసింది, కోత వేళ కుళ్ళు భయం వెంటాడింది. పలచటి వైన్‌లు, త్వరగా తాగాల్సినవి. 2016లో వసంతం వానల తర్వాత పొడి వేసవి. పండు, పులుపు, వగరు మూడూ సమంగా కుదిరాయి. మీ నోటికి వేరుగా అనిపిస్తే కొట్టేయకండి. కష్టకాలంలోనూ శ్రద్ధగా పళ్ళు ఏరిన తోటలున్నాయి, మంచి ఏట బద్ధకించినవీ ఉన్నాయి.

మార్కులు

కొందరు 20కి, కొందరు 100కి వేస్తారు. ఏదైనా సరే, అందరూ రాసేదాకా ఎవరూ మాట్లాడకూడదు. ఒకరు తోలు అనగానే పదిమందికీ తోలు వాసనే వస్తుంది.

మిగిల్చిన వైన్‌ను రెండు గంటల తర్వాత మళ్ళీ చూడండి. గాలి తగిలి ఒకటి విచ్చుకుని ఉంటుంది, ఒకటి చప్పబడి ఉంటుంది. మార్కులు అప్పుడు ఖాయం చేసి, ప్రతి సంవత్సరం పక్కనా ఒక్క ముక్క చేర్చండి: ఇప్పుడే తాగాలి, ఐదేళ్ళు ఆగాలి, లేదా సమయం దాటిపోయింది.