పాత పిన్‌బాల్ మెషీన్‌కి ఏ ఫ్యూజు వేయాలి?

పాత పిన్‌బాల్ మెషీన్ చేతికి వచ్చినప్పుడు అందులో ఉన్న ఫ్యూజులను నమ్మకండి. ఏళ్ల తరబడి ఆర్కేడ్లలో, బార్లలో పనిచేసిన యంత్రం అది. ఆట ఆగితే డబ్బు ఆగుతుంది కాబట్టి, ఫ్యూజు పోయిన ప్రతిసారీ చేతికి ఏది దొరికితే అది బిగించి ఉంటారు. 5 ఆంపియర్లు ఉండాల్సిన చోట 20 కనిపించడం, పోయిన ఫ్యూజుకే అల్యూమినియం రేకు చుట్టి మళ్లీ పెట్టేయడం చాలా మామూలు. హోల్డర్‌లో ఉన్నది చూసి అలాంటిదే ఇంకొకటి కొంటే ఆ పాత తప్పు మీదవుతుంది.

ముందు ప్లగ్ తీసేయండి. స్విచ్ ఆపితే సరిపోదు. కెపాసిటర్లలో చార్జి దిగడానికి కొన్ని నిమిషాలు ఆగండి. సాలిడ్ స్టేట్ మెషీన్లలో, అంటే ఎలక్ట్రానిక్ బోర్డులతో నడిచేవాటిలో, స్కోరు డిస్‌ప్లేలకు వెళ్లే లైన్లో కొన్నిటికి 200 వోల్టుల దరిదాపుల్లో డీసీ ఉంటుంది, మీటరుతో చూసుకున్నాకే చెయ్యి పెట్టండి. తర్వాత ఉన్న ఫ్యూజులన్నీ పీకేసి, ఏది ఎక్కడ ఉందో రాసుకుని, ఆ మోడల్ మాన్యువల్‌లోని ఫ్యూజుల పట్టికతో పోల్చండి. ఫ్యూజు బ్లాకు పక్కన అంటించిన కాగితం కూడా పనికొస్తుంది కానీ, దాని మీద పెన్నుతో కొట్టేసి రాసిన అంకెలుంటే వాటిని లెక్కలోకి తీసుకోకండి. చాలా మోడళ్ల మాన్యువల్స్, సర్క్యూట్ డయాగ్రమ్‌లు ఇంటర్నెట్ పిన్‌బాల్ డేటాబేస్‌లో దొరుకుతాయి. కంపెనీ ఒకటే కదా అని వేరే తరం మెషీన్ పట్టిక చూసి వేయొద్దు.

ఈ హోల్డర్లు కేబినెట్ అడుగున, బ్యాక్‌బాక్సులో (స్కోరు కనిపించే పై పెట్టెలో), బోర్డుల మీద ఉంటాయి. ప్లేఫీల్డ్ (బంతి దొర్లే పలక) ఎత్తితే దాని కింద కూడా ఒకటి ఉండొచ్చు. చాలామంది మర్చిపోయేది ఆ చివరిదాన్నే, కానీ అసలు పని చేసేది అదే.

స్లో-బ్లో, ఫాస్ట్-బ్లో

ఆంపియర్ల అంకె ఒక్కటే చూస్తే సగం పనే అవుతుంది. ఫ్యూజు ఎంత త్వరగా పోతుందన్నది కూడా అంతే ముఖ్యం. గాజు ఫ్యూజు మూత మీద ఏజీసీ అని చెక్కి ఉంటే ఫాస్ట్-బ్లో (త్వరగా పోయేది), ఎండీఎల్ అని ఉంటే స్లో-బ్లో (కాసేపు ఆగి పోయేది). లిటిల్‌ఫ్యూజ్ వాళ్లవైతే 312 సిరీస్ ఫాస్ట్, 313 సిరీస్ స్లో. రాసిన విలువకు రెట్టింపు కరెంటు పారితే 312 రకం 5 సెకన్ల లోపే పోతుంది, 313 రకం కనీసం 5 సెకన్లు తట్టుకుంటుంది. మాన్యువల్‌లో ఎస్‌బీ (స్లో-బ్లో) అని ఉన్నచోట ఫాస్ట్ వేస్తే ఆట మధ్యలో ఊరికే పోతూ ఉంటుంది. విసుగొచ్చి పెద్ద ఫ్యూజు వేసేది సరిగ్గా అప్పుడే.

1977 తర్వాతి బల్లీ కంపెనీ సాలిడ్ స్టేట్ మెషీన్లను చూడండి. కాయిల్స్‌కి, అంటే బంపర్లు, ఫ్లిప్పర్ల లాంటి కదిలే భాగాలను నడిపే విద్యుదయస్కాంతాలకు, దాదాపు 43 వోల్టుల డీసీ వెళ్తుంది. ఏసీని డీసీగా మార్చే రెక్టిఫయర్ బోర్డు మీద ఆ లైనుకి 5 ఆంపియర్ల ఫ్యూజు, ప్లేఫీల్డ్ కింద 1 ఆంపియర్ స్లో-బ్లో ఉంటాయి. బంపర్ కాయిల్ రెసిస్టెన్స్ 11 ఓంలనుకుంటే పారే కరెంటు దగ్గరదగ్గర 4 ఆంపియర్లు. 1 ఆంపియర్ ఫ్యూజులోంచి 4 ఆంపియర్లు ఎలా పోతాయంటే, కాయిల్ కొట్టేది సెకనులో చిన్న వంతు మాత్రమే. ఆ కాస్త సమయంలో స్లో-బ్లో తీగ వేడెక్కదు. ఇప్పుడు ఆ కాయిల్‌ని నడిపే ట్రాన్సిస్టర్ షార్టయి, కాయిల్ ఆన్‌లోనే ఉండిపోయిందనుకోండి. 4 ఆంపియర్లు ఆగకుండా పారుతుంటే 1 ఆంపియర్ ఫ్యూజు కొద్ది సెకన్లలో పోయి కాయిల్‌ని కాపాడుతుంది. అక్కడ ఎవరో 5 ఆంపియర్లది వేసి ఉంటే అదీ పోదు, బోర్డు మీది 5 ఆంపియర్లదీ పోదు. కాయిల్లో 170 వాట్ల వేడి పుడుతూనే ఉంటుంది. లోపలి ప్లాస్టిక్ గొట్టం కరిగి ప్లంజర్‌ని (లోపల కదిలే ఇనుప కడ్డీని) పట్టేస్తుంది, చుట్టు మీద కాగితం నల్లబడుతుంది, పొగ వస్తుంది. అలా మాడిన కాయిల్ కనిపిస్తే దాన్ని మార్చే ముందు ప్లేఫీల్డ్ కింది ఫ్యూజు చూడండి, తర్వాత ఆ ట్రాన్సిస్టర్ చూడండి. రెండూ సరిచేయకుండా కొత్త కాయిల్ బిగిస్తే అదీ మాడుతుంది.

బంతిని కొట్టే ఫ్లిప్పర్ల కాయిల్స్‌లో ఈ లెక్క ఇంకా కటువుగా ఉంటుంది. ఎఫ్‌ఎల్-11630 కాయిల్లో బలంగా కొట్టే చుట్టు 4.7 ఓంలు, పట్టి ఉంచే చుట్టు 160 ఓంలు. 50 వోల్టులకు మొదటిది 10 ఆంపియర్ల పైన లాగుతుంది, రెండోది కలిశాక 0.3 ఆంపియర్లకు దిగుతుంది. పాత మెషీన్లలో ఈ మార్పిడి చేసేది ఫ్లిప్పర్ చివరికొచ్చినప్పుడు తెరుచుకునే ఎండ్-ఆఫ్-స్ట్రోక్ స్విచ్. అది సర్దుబాటు తప్పి తెరుచుకోకపోతే, బటన్ నొక్కి పట్టుకున్నప్పుడు ఫ్యూజు పోతుంది. అక్కడ ఫ్యూజుది తప్పు కాదు, స్విచ్ ఆకులను సరిగా వంచాలి.

సైజు, వోల్టేజీ

అమెరికన్ మెషీన్లలో ఎక్కువగా ఉండేది 6.3 × 32 మిల్లీమీటర్ల గాజు ఫ్యూజు, దీన్ని 3ఏజీ అంటారు. ఏజీఎక్స్ రకం అదే లావు, పొడవు మాత్రం అంగుళమే. క్లిప్పులో ఒక కొన నిలిచి రెండోది జారుతుంది. 1990ల చివరి విలియమ్స్, బల్లీ మెషీన్లలోని డబ్ల్యూపీసీ-95 బోర్డుల మీద ఉండేవి 5 × 20 మిల్లీమీటర్లవి, వాటిలో టీ అంటే స్లో, ఎఫ్ అంటే ఫాస్ట్. ఇక్కడ ఒక మెలిక ఉంది. అంతర్జాతీయ ఐఈసీ ప్రమాణం ప్రకారం తయారైన ఫ్యూజు రాసిన విలువకు 150 శాతం కరెంటును గంటసేపు మోయాలి. అమెరికన్ యూఎల్ ప్రమాణం ఫ్యూజు 135 శాతానికే గంటలోపు పోవాలి. హోల్డర్ మార్చి యూఎల్ ఫ్యూజు స్థానంలో ఐఈసీది వేస్తే, అంకె ఒకటే అయినా రక్షణ కాస్త వదులవుతుంది.

వోల్టేజీ విషయంలో ఒకటే గట్టి నియమం: మెయిన్స్ లైనులో 250 వోల్టులని చెక్కిన ఫ్యూజు తప్ప మరొకటి వద్దు. కార్లలో వాడే ఎస్‌ఎఫ్‌ఈ గాజు ఫ్యూజులు 32 వోల్టులవి, వాటిలో కొన్ని చూడ్డానికి అచ్చం ఇలాగే ఉంటాయి. మెయిన్స్‌లో అవి తెగినా లోపల ఆర్క్ ఆగకపోవచ్చు. ఏజీసీ రకంలో 10 ఆంపియర్లు దాటినవి కూడా సాధారణంగా 32 వోల్టులవే, కాబట్టి 6 వోల్టుల బల్బుల లైనుకి పర్లేదు, మిగతాచోట్ల చూసి వేయాలి. వోల్టేజీ ఎక్కువది వేస్తే నష్టం లేదు.

ట్రాన్స్‌ఫార్మర్ ట్యాపులు (ఇన్‌పుట్ వోల్టేజీని ఎంచుకునే కనెక్షన్లు) 115 నుంచి 230 వోల్టులకు మార్చి ఉంటే మెయిన్ ఫ్యూజు కూడా తగ్గాలి, ఎందుకంటే అదే పనికి కరెంటు సగమే పడుతుంది. డబ్ల్యూపీసీ మెషీన్లలో 115కి 8 ఆంపియర్లు, 230కి 5 ఆంపియర్లు. ట్యాపులు మార్చి ఫ్యూజు మర్చిపోయిన మెషీన్లు కోకొల్లలు.

బల్బుల లైను

జనరల్ ఇల్యూమినేషన్ (ఎప్పుడూ వెలిగి ఉండే బల్బుల) లైనులో 44 నంబరు బల్బు ఒక్కోటి 0.25 ఆంపియర్లు, 47 నంబరుది 0.15 ఆంపియర్లు తీసుకుంటుంది. 40 బల్బులుంటే మొదటి రకానికి 10, రెండో రకానికి 6 ఆంపియర్లు. అందుకే 47 వేస్తే ఫ్యూజు, కనెక్టర్లు రెండూ చల్లగా ఉంటాయి. ఎల్‌ఈడీలు వేస్తే కరెంటు ఇంకా పడిపోతుంది కానీ ఫ్యూజు పెంచాల్సిన అవసరం మాత్రం ఎప్పుడూ రాదు. అది కాపాడేది వైరునీ కనెక్టర్‌నీ, అవి మారలేదు కదా.

ఈ లైన్లో ఫ్యూజు మాటిమాటికీ పోతుంటే తీగను కాదు, మూతలను చూడండి. మూత దగ్గర టంకం కరిగి, గాజు కొన గోధుమ రంగుకి తిరిగి ఉంటే, అది అధిక కరెంటు వల్ల పోయింది కాదు. క్లిప్పు పట్టు వదిలి, అక్కడ పుట్టిన వేడికి కరిగింది. క్లిప్పుని వేళ్లతో నొక్కి బిగిస్తే రెండు నెలలు నడుస్తుంది, అంతే. స్ప్రింగు గుణం పోయిన క్లిప్పుని టంకం తీసి కొత్తది వేయాలి. ఆకుపచ్చ తుప్పుంటే ఎమరీ పేపరుతో రుద్దొద్దు, పూత పోయి ఇంకా త్వరగా చెడుతుంది.

అదే, గాజు లోపల అద్దంలా వెండి పూత పట్టి ఉంటే పూర్తి షార్ట్ అని అర్థం. తీగ మధ్యలో చిన్నగా తెగితే కొద్దిపాటి అధిక కరెంటు, లేదా వయసు. కంటితో చూసి బాగుందని తేల్చకండి. ఫ్యూజు బయటికి తీసి మీటరు పెట్టండి. హోల్డర్‌లో ఉంచి కొలిస్తే ట్రాన్స్‌ఫార్మర్ చుట్టు గుండా దారి దొరికి, పోయిన ఫ్యూజు కూడా మంచిదానిలా చూపిస్తుంది. 1/4 ఆంపియర్ లాంటి చిన్న స్లో-బ్లో ఫ్యూజుల్లో కొన్ని ఓంలు కనిపించడం సహజం, పారేయకండి.

కొత్త ఫ్యూజులతో మొదటిసారి ఆన్ చేయడం

అన్నీ ఒకేసారి పెట్టి స్విచ్ వేయకండి. మొదట మెయిన్ ఫ్యూజు మాత్రమే పెట్టి ట్రాన్స్‌ఫార్మర్ నుంచి వచ్చే ఏసీ వోల్టేజీలు కొలవండి. తర్వాత లాజిక్ (ఎలక్ట్రానిక్ బోర్డుల) ఫ్యూజు పెట్టి 5 వోల్టులు సరిగా వస్తున్నాయో చూడండి. ఆ తర్వాత బల్బులవి, డిస్‌ప్లేది. కాయిల్స్ ఫ్యూజు ఆఖరున. ప్రతిసారీ ఆపి, ప్లగ్ తీసి, అప్పుడే తర్వాతిది పెట్టాలి. ఆన్ చేయగానే పోతే బ్రిడ్జ్ రెక్టిఫయర్ గానీ కెపాసిటర్ గానీ షార్టయి ఉంటుంది. ఫలానా కాయిల్ కొట్టినప్పుడే పోతే ఆ కాయిల్ మీది డయోడ్ షార్టయిందేమో, లేదా తిరగేసి టంకం వేశారేమో చూడండి.

విలియమ్స్ సిస్టమ్ 3 నుంచి 7 దాకా ఉన్న మెషీన్లు ఉంటే ఇంకో పని మిగులుతుంది. బ్యాక్‌బాక్సులోని బల్బుల, కాయిల్స్ బ్రిడ్జ్ రెక్టిఫయర్లకు ఏసీ వైపు ఫ్యూజు లేదు, ఉన్న ఫ్యూజులు వాటి తర్వాత ఉన్నాయి. బ్రిడ్జ్ షార్టయితే ట్రాన్స్‌ఫార్మర్ సెకండరీ నేరుగా షార్టవుతుంది. 115 వోల్టుల దగ్గర 8 ఆంపియర్ల మెయిన్ ఫ్యూజు 900 వాట్లకు పైగా పారనిస్తుంది కాబట్టి అది పోకముందే వైర్ల తొడుగు కరుగుతుంది. ట్రాన్స్‌ఫార్మర్‌కీ ప్రతి బ్రిడ్జ్‌కీ మధ్య, ఏసీ వైర్లలో ఒకదాన్ని తెంచి, తొడుగున్న ఇన్‌లైన్ ఫ్యూజు హోల్డర్ వేయండి. ఎక్కువమంది వాడే విలువ 8 ఆంపియర్లు. కెపాసిటర్ నిండేటప్పుడు ఒక్కసారిగా లాగే కరెంటు ఉంటుంది కనుక స్లో-బ్లో తీసుకోండి. హోల్డర్ వైరు మందం మెషీన్ అసలు వైరు కంటే తక్కువ ఉండకూడదు, టంకం వేసిన చోట హీట్‌ష్రింక్ తొడగాలి. కొత్తగా వేసిన ఈ ఫ్యూజుల విలువను హోల్డర్ పక్కనే చెరగని మార్కరుతో రాయండి, ఎందుకంటే ఇవి ఏ మాన్యువల్‌లోనూ ఉండవు.