మృగశిరకు కోళ్ల ఎరువు వేయాలంటే ఉగాదికే తెచ్చుకోండి

తొలి వాన పడగానే మా తణుకు వైపు పెరడున్న వాళ్లందరికీ కోళ్ల ఎరువు గుర్తొస్తుంది. ఫారానికి ఫోన్ చేస్తారు, బస్తాలు ఆటోలో దిగుతాయి, ఆ సాయంత్రమే మొక్కల మొదళ్లలో పడిపోతాయి. నాలుగేళ్ల క్రితం నేనూ అదే చేశాను. 12 వంగ మొక్కలు, మంచి పూత మీద ఉన్నాయి. ఒక్కో మొదట్లో రెండేసి గుప్పిళ్లు పచ్చి ఎరువు వేసి నీళ్లు పోశాను. మూడో రోజుకి ఆకుల అంచులు ఇస్త్రీపెట్టె తగిలినట్టు మాడాయి. మట్టి తడిగానే ఉంది, మొక్కలు మాత్రం నీళ్లు లేనట్టు వాలిపోయాయి. ఇంకో బిందె పోద్దామని వెళ్తుంటే మామయ్యగారు చూసి, "పచ్చిది వేసేశావా అమ్మా? వేళ్లు ఉడికిపోయుంటాయి" అన్నారు. చివరికి మూడు మొక్కలు బతికాయి.

పశువుల ఎరువులో నత్రజని అర శాతం దాకా ఉంటుంది. కోళ్ల ఎరువులో దాదాపు 3 శాతం. కోడికి మూత్రం వేరుగా రాదు, రెట్ట మీద తెల్లగా కనిపించేది అదే, యూరిక్ ఆమ్లం. తడి తగిలి కుళ్లేకొద్దీ అది అమోనియాగా మారుతుంది. బస్తా మూతి విప్పగానే కళ్లు మండేది దానివల్లే. మన కళ్లనే అంత మండించేది లేత వేళ్లని ఊరికే వదులుతుందా? పైగా అందులో ఉప్పులూ ఎక్కువే. ఆ ఘాటు చావడానికి రెండు మూడు నెలలు మాగాలి. మృగశిర కార్తె జూన్ 8 ప్రాంతంలో వస్తుంది కాబట్టి లెక్క వెనక్కి వేస్తే ఉగాదికే కుప్ప పడాలి.

"ఎండిపోయిందండీ, నేరుగా వేసేసుకోవచ్చు" అనే మాట నమ్మకండి. ఎండడం వేరు, మాగడం వేరు. ఎండిన పెంటకి నీళ్లు తగలగానే మళ్లీ పని మొదలెడుతుంది, ఈసారి మీ మొక్క మొదట్లో.

కొనేముందు ఏ ఫారందో అడగండి. బ్రాయిలర్ షెడ్డుదైతే ఊకతో కలిసి పొడిపొడిగా ఉంటుంది, పెరటికి అదే సులువు. లేయర్ ఫారంలో గూళ్ల కింద నుంచి తీసింది తడి ముద్ద, ఘాటూ ఎక్కువ. గుడ్డు పెంకు గట్టిగా రావాలని మేతలో సున్నపురాయి పొడి, గుల్ల కలుపుతారు కాబట్టి అందులో కాల్షియం కూడా బాగా ఉంటుంది. ఇప్పటికే సున్నం ఎక్కువున్న నేలలో ఏటా దాన్నే దట్టిస్తే కొత్త ఆకులు పసుపెక్కుతాయి.

చుట్టుపక్కల కోళ్లు చనిపోతున్నాయని విన్నారా, ఆ సీజన్‌కి ఈ ఎరువు మాటే ఎత్తకండి. 2025 ఫిబ్రవరిలో మా పక్కనే వేల్పూరులో, పెరవలి మండలం కానూరులో బర్డ్ ఫ్లూ తేలింది. అలాంటప్పుడు ఫారం చుట్టూ కిలోమీటరు దాకా ఇన్ఫెక్షన్ జోన్, 10 కిలోమీటర్ల దాకా నిఘా జోన్ పెడతారు. వైరస్ రెట్టలోనూ ఉంటుంది. ఇంట్లో నాలుగు నాటుకోళ్లున్న వాళ్లకి ఇది మరీ ముఖ్యం.

ఇక కుప్ప. బావికి, బోరుకి దూరంగా, వాన నీరు నిలవని మెరక చోటు చూసుకోండి. ఒక గంప ఎరువుకి రెండు గంపల ఎండుటాకులు, ఊక, కొబ్బరి పీచు పొట్టు, ఏది దొరికితే అది కలపండి. పొడవు, వెడల్పు, ఎత్తు మూడేసి అడుగులైనా లేకపోతే లోపల వేడి నిలవదు. తడి ఎంతుండాలంటే, గుప్పెట్లో పట్టి పిండితే చెయ్యి తడవాలి గానీ చుక్కలు కారకూడదు. పైన బరకం కప్పండి. లేకపోతే రోహిణి ఎండకి ఎండి ఆగిపోతుంది, అకాల వానకి తడిసి ఈగల పురుగులతో నిండిపోతుంది. వాసన పోతుందని బూడిదో సున్నమో చల్లేవాళ్లున్నారు. అది చల్లితే అమోనియా ఇంకా పైకి లేస్తుంది, కంపుకి కంపు, నత్రజనికి నత్రజని పోతుంది.

నాలుగో రోజున కుప్ప మధ్యలోకి ఇనప ఊచ గుచ్చి పది నిమిషాలు ఉంచి తీయండి. చేత్తో పట్టుకోలేనంత కాలితే పని జరుగుతున్నట్టే. సాల్మొనెల్లా, ఈ-కోలి లాంటి రోగక్రిములు చావాలంటే 55 డిగ్రీలు దాటిన వేడి కుప్పలో ప్రతి భాగానికీ తగలాలి. అందుకే వారానికోసారి తిరగేసి, అంచుల్లో ఉన్నది మధ్యలోకి తోయాలి. తిరగేసేటప్పుడు బొటనవేలంత లావు తెల్లటి పురుగులు ముడుచుకుని కనిపిస్తే ఏరేయండి. కొబ్బరిచెట్ల మొవ్వు తినే కొమ్ముపురుగు పిల్లలవి, కోళ్లకి వేస్తే పండగ చేసుకుంటాయి.

తిరగేసే పనికి రుమాలు చాలదు, ఎన్-95 మాస్క్ కావాలి. కరోనా నాటివి ఇంట్లో ఎక్కడో ఉండే ఉంటాయి. ముందు కాసిని నీళ్లు చిలకరిస్తే దుమ్ము లేవదు. చేతులకి గ్లౌజులు, కాళ్లకి బూట్లు. చేతి మీద తెగిన గాయం ఉంటే మానేదాకా ఆగండి, టీటీ ఇంజెక్షన్ వేయించుకుని ఎన్నేళ్లయిందో గుర్తుచేసుకోండి. ఉబ్బసం ఉన్నవాళ్లని, పిల్లల్ని దగ్గరికి రానివ్వద్దు.

మాగిందో లేదో చెప్పడానికి మెంతులు చాలు. చిన్న కుండీలో సగం మట్టి, సగం ఈ ఎరువు కలిపి పది గింజలు చల్లండి. నాలుగైదు రోజుల్లో ఎనిమిదైనా పచ్చగా లేస్తే వాడుకోవచ్చు. మొలకల కొసలు మాడితే ఇంకో మూడు వారాలు.

ఆకుకూరల మడి దగ్గర మాత్రం నేను రాజీపడను. పచ్చి ఎరువు వేస్తే, మట్టిని తాకే పంట కోయడానికి 120 రోజులు, తాకనిదానికి 90 రోజులు ఆగాలని అమెరికాలో సేంద్రియ సాగు నిబంధన. మనం తోటకూర నెలకే కోసేస్తాం, కొత్తిమీర పచ్చిదే పెరుగుపచ్చడిలో వేసుకుంటాం. ఇక పచ్చి ఎరువుకి అక్కడ చోటెక్కడ? దాన్ని నీళ్లలో నానబెట్టి ఆ నీళ్లు ఆకుల మీద చల్లడం ఇంకా ఘోరం. కీరా, ముల్లంగి, పుదీనా కూడా ఈ లెక్కలోవే.

మాగిన ఎరువైనా చదరపు మీటరుకి కిలో దాటొద్దు. 12 అంగుళాల గ్రో బ్యాగుకి ఒక గుప్పెడు. నాటడానికి రెండు వారాల ముందే మట్టిలో కలిపేయండి. ఉన్న మొక్కలకైతే కాండానికి జానెడు దూరంగా చుట్టూ వేసి మట్టి కప్పాలి. భారీ వాన సూచన ఉన్న రోజు వేస్తే అదంతా కాలవలోకే. చిక్కుడు పాదుకి ఎక్కువ పెడితే పందిరి నిండా ఆకే, కాయ కనపడదు.

ఒకవేళ నాలాగే పచ్చిది వేసేసి ఆకులు మాడుతుంటే, ముందు పైన కనిపించే ఎరువంతా మట్టితో సహా గీకి తీసేయండి. తర్వాతే నీళ్లు ఎక్కువగా పోసి, అవి బయటికి పోయే దారి చూడండి. వరస మారిస్తే మిగిలిన ఘాటంతా వేళ్లలోకి దిగుతుంది.

మా కుప్ప ఉగాది మర్నాడు వేశాను. నిన్న ఊచ గుచ్చి తీస్తే ఇంకా చురుక్కుమంది. మెంతులు తడిపి పెట్టుకోవడానికి తొందరేం లేదు.