కాన్పు నొప్పుల్లో మోకాళ్లు ఎప్పుడు విడదీయాలి, ఎప్పుడు దగ్గరకి తేవాలి

గట్టి కుర్చీలో నిటారుగా కూర్చుని రెండు అరచేతులూ పిర్రల కింద పెట్టుకోండి. చేతులకి గట్టిగా తగిలే రెండు గుబ్బలు ఉంటాయి. మనం కూర్చున్నప్పుడు బరువు మోసే ఎముకలవి. ఇప్పుడు మోకాళ్లు దగ్గరకి తెచ్చి మడమలు బయటికి తిప్పండి. గుబ్బలు కాస్త ఎడంగా జరుగుతాయి. మోకాళ్లు బాగా విడదీసి మడమలు లోపలికి తెస్తే అవి మళ్లీ దగ్గరవుతాయి. కాళ్లు ఎంత విడదీస్తే బిడ్డకి అంత దారి అని అనుకుంటాం కానీ, బిడ్డ బయటికొచ్చే చోట జరిగేది దానికి తలకిందులు.

కటి అంటే నడుము కింది ఎముకల గూడు, అది ఒకే గట్టి గిన్నె కాదు. అటూ ఇటూ తుంటి ఎముకలు, వెనక వెన్ను అడుగున త్రికం అనే ఎముక, దాని కొసన తోక ఎముక, వీటిని కలిపే కీళ్లు. నెలలు నిండేసరికి ఆ కీళ్ల పట్టు సడలుతుంది. బిడ్డ కటిలోకి దిగే పైద్వారం అడ్డంగా సుమారు 13 సెం.మీ., ముందునుంచి వెనక్కి 11. బిడ్డ బయటికొచ్చే కింది ద్వారంలో అడ్డంకన్నా ముందువెనకల వెడల్పే ఎక్కువ. గడ్డం గుండెకి ఆనించుకున్న బిడ్డ తల అడ్డుకొలత 9.5 సెం.మీ. అందుకే చాలామంది బిడ్డలు పక్కకి తిరిగి లోపలికి దిగి, మధ్యలో మెలితిరిగి, అమ్మ వెన్నువైపు ముఖం పెట్టి బయటికొస్తారు.

తల ఇంకా పైనే ఉందంటే మోకాళ్లు ఎడంగా పెట్టి బంతి మీద కూర్చుని నడుము గుండ్రంగా తిప్పండి. ఎత్తు 5 అడుగుల 3 అంగుళాల లోపయితే 55 సెం.మీ. బంతి, ఆపైన 65 సరిపోతుంది. కూర్చున్నప్పుడు మోకాళ్లు తుంటికన్నా కొంచెం కిందుండాలి. నొప్పి వచ్చినప్పుడు గోడకి ఆనుకుని, మోకాళ్లు కాస్త వంచి, నడుము వంపు గోడకి తగిలేలా కటిని లోపలికి తిప్పండి. ఈ దశలో పూర్తిగా గొంతుక్కూర్చోవద్దు. అలా కూర్చుంటే కింది ద్వారం తెరుచుకుంటుంది గానీ పైద్వారం ముందువెనకలుగా ఇరుకవుతుంది.

కాన్పు ఎక్కువగా నిలిచిపోయేది మధ్యలో, కటి లోపలికి పొడుచుకొచ్చిన రెండు ఎముక ముళ్ల మధ్య. అక్కడ వెడల్పు 10 సెం.మీ. దాకానే. ఒక పాదం ముక్కాలిపీట మీద పెట్టి, నొప్పి వచ్చినప్పుడల్లా ఆ మోకాలి వైపు మెల్లగా ఒరగండి. నాలుగైదు నొప్పులకొకసారి కాలు మార్చండి. రెండు వైపులూ చెయ్యాలి, ఎందుకంటే బిడ్డ ఎటు తిరగాలనుకుంటోందో మనకి కనబడదు.

ముక్కే సమయానికి ఎడమ పక్కకి తిరిగి పడుకోండి, లేదా మోకాళ్లూ చేతుల మీద ఒంగండి. మోకాళ్లు మరీ విడదీయకుండా మడమలు బయటికి ఉంచండి. వెల్లకిలా పడుకుంటే శరీర బరువు త్రికం, తోక ఎముకల మీద పడి, వెనక్కి జరగాల్సిన తోక ఎముక సరిగ్గా కదల్లేదు. మోకాళ్లు ఛాతీకి లాగించి పట్టుకోవడం అలవాటుగా వస్తోంది కాబట్టి, పక్కకి తిరిగి ముక్కుతానని డాక్టరుతో, నర్సుతో ముందే మాట్లాడి పెట్టుకోండి.

కటి కింది కండరాలని బిగించడమే కాదు, వదలడం కూడా నేర్చుకోవాలి. ఊపిరి పొట్టలోకి తీసుకుంటూ, మూత్రం వదిలేటప్పటిలా కింద సడలించండి. పళ్లు బిగిస్తే కిందా బిగుసుకుంటుంది. ఏడో నెల దాటాక రోజూ పది నిమిషాలు చాలు.

మాయ కిందికి ఉన్నా, గర్భసంచి నోటికి కుట్టు వేసినా, రక్తం గానీ ఉమ్మనీరు గానీ కారుతున్నా, నెలలు నిండకముందే నొప్పులొచ్చినా ఇవేవీ చెయ్యొద్దు. వెంటనే డాక్టరు దగ్గరికి వెళ్లండి. మంచం మీద పక్కకి తిరిగేటప్పుడు కటి ముందువైపు ఎముక కలుక్కుమంటుంటే ఒంటికాలి భంగిమలు మానేసి, మోకాళ్లు కలిపి ఉంచే తిరగండి.

ఎపిడ్యూరల్ (నొప్పి తెలియకుండా వెన్నులో ఇచ్చే మందు) తీసుకున్నవాళ్లు కాళ్లు సరిగ్గా కదపలేకపోవచ్చు కాబట్టి తోడున్నవాళ్లే చెయ్యాలి. పక్కకి తిప్పి, ముక్కేటప్పుడు పైకాలి మడమ కింద మడిచిన దుప్పటి పెట్టండి. మడమ మోకాలికన్నా ఎత్తులో ఉండాలి. దిండు మోకాళ్ల మధ్యే పెడితే ఫలితం ఉండదు.