ఛాతీలో ఇబ్బంది, ఆయాసం: ఏ పరీక్ష ఎప్పుడు, ఎలా చేయించుకోవాలి?

ఛాతీ ఇప్పుడే పట్టేసినట్టుండి, చెమటలు పడుతుంటే, నొప్పి చేతికో దవడకో పాకుతుంటే ఇదంతా చదవొద్దు. వెంటనే అంబులెన్స్ పిలవండి, సొంతంగా బండి నడపొద్దు. కింది వరుస వచ్చిపోతూ ఉండే, కారణం తేలని ఇబ్బందికి మాత్రమే.

1. ముందు కాగితం మీద రాయండి. మెట్లెక్కితే వస్తోందా, పడుకుంటేనా, తిన్నాకా? ఎంతసేపు ఉంటోంది? ఏ పరీక్ష అవసరమో సగం ఇక్కడే తేలిపోతుంది.

2. ఈసీజీ. ఎక్కువమంది మోసపోయేది దీని దగ్గరే. నొప్పి లేనప్పుడు తీసిన ఈసీజీ బాగుందంటే, ఆ కొన్ని సెకన్లు బాగుందని మాత్రమే అర్థం. వీలైతే నొప్పి ఉండగానే తీయించుకోండి. పోల్చి చూడటానికి పాత ఈసీజీ వెంట ఉంచుకోండి.

3. రక్త పరీక్షలు. గుండె కండరం దెబ్బతింటే రక్తంలో ట్రోపోనిన్ అనే ప్రొటీన్ పెరుగుతుంది, కానీ అందుకు కొన్ని గంటలు పట్టవచ్చు. అందుకే నొప్పి మొదలైన కాసేపటికే వెళ్లినవారికి 1 నుంచి 3 గంటల తర్వాత మళ్లీ తీస్తారు. మొదటిది నార్మల్ అని లేచి వచ్చేయకండి. హిమోగ్లోబిన్ తగ్గినా ఆయాసం వస్తుంది కాబట్టి సీబీసీ (రక్తకణాల లెక్క చూసే పరీక్ష) తప్పనిసరి. రక్తం గడ్డల జాడ వెతికే డీ-డైమర్ పరీక్ష పాజిటివ్ వస్తే ఊపిరితిత్తుల్లో రక్తం గడ్డ ఉన్నట్టే అనుకోవద్దు. గర్భం, ఇన్ఫెక్షన్, ఈమధ్య జరిగిన ఆపరేషన్ వల్ల కూడా అది పెరుగుతుంది.

4. ఛాతీ ఎక్స్‌రే, ఎకో. వీటికి ప్రత్యేకంగా సిద్ధం కానక్కర్లేదు. ఎకో గుండె పంపింగ్‌నీ వాల్వులనీ చూపిస్తుంది. రక్తనాళాల్లో పూడికలను నేరుగా చూపించదు.

5. టీఎంటీ, అంటే ట్రెడ్‌మిల్ మీద నడిపిస్తూ ఈసీజీ తీసే పరీక్ష. గుండె వేగం 220 లోంచి వయసు తీసేస్తే వచ్చే అంకెలో కనీసం 85 శాతానికి చేరాలి. యాభై ఏళ్లవారికి అది నిమిషానికి 145 దాకా. గుండె వేగాన్ని తగ్గించే బీటా బ్లాకర్ మాత్రలు వాడేవారికి వేగం అంత పెరగక పరీక్ష తేలకుండా పోతుంది. అలాగని సొంతంగా ఆపేయకండి, ఆపాలో వద్దో డాక్టరే చెప్పాలి. మోకాళ్ల నొప్పితో నడవలేకపోతే ముందే చెబితే మందుతో చేసే స్ట్రెస్ పరీక్ష రాస్తారు.

6. సీటీ కరోనరీ యాంజియోగ్రామ్, అంటే గుండె రక్తనాళాలను చూపించే స్కాన్. ముందు క్రియాటినిన్ (కిడ్నీల పనితీరు చెప్పే రక్త పరీక్ష) చూపించుకోండి. కాంట్రాస్ట్ (స్కాన్ కోసం రక్తనాళంలోకి ఎక్కించే మందు) అలర్జీ, మెట్‌ఫార్మిన్ (షుగర్ మాత్ర) వాడకం తప్పక చెప్పండి. నాడి వేగంగా ఉంటే బొమ్మ మసకబారుతుంది, తగ్గించడానికి మందు ఇస్తారు.

7. స్పైరోమెట్రీ, అంటే గొట్టంలోకి ఊదించి ఊపిరితిత్తుల పనితీరు చూసే పరీక్ష. నిండా గాలి పీల్చి, పెదవులు గొట్టానికి బిగించి, ఒక్కసారిగా బలంగా ఊది, గాలి పూర్తిగా అయిపోయేదాకా ఆపకూడదు. సగంలో వదిలేస్తే లేని జబ్బు కనబడొచ్చు, ఉన్నది దాక్కోవచ్చు. అందుకే కనీసం మూడుసార్లు సరిగ్గా ఊదిస్తారు.

“గ్యాసే అయి ఉంటుంది” అన్న మాట గుండె, ఊపిరితిత్తులు రెండూ బాగున్నాయని తేలాకే.