తెలుగు పేజీకి పొట్టి లింకు

సొంతంగా హెచ్‌టీఎంఎల్ రాసి సైటు పెట్టుకునేవాళ్లకు ఒక చిన్న చిట్కా. నేను హైదరాబాద్ పాత కట్టడాల మీద పేజీలు రాస్తుంటాను. ఫైలుకు తెలుగులో పేరు పెడితే, లింకు కాపీ చేసి వాట్సాప్‌లో పంపేసరికి శాతం గుర్తులతో కొండవీటి చాంతాడంత అవుతుంది. అవతలివాళ్లు మోసం లింకేమో అని భయపడి నొక్కరు.

తెలుగులో ఒక్కో అక్షరం, గుణింతపు గుర్తు, పొల్లు లింకులో 9 క్యారెక్టర్లు తింటుంది. ‘చార్మినార్’లో అలాంటివి 10. అంటే ఆ ఒక్క పేరే 90 క్యారెక్టర్లు!

అందుకే ఫైలు పేరు మాత్రం చిన్న ఇంగ్లిష్ అక్షరాల్లో పెట్టండి, మాటల మధ్య ఖాళీ బదులు హైఫన్ వాడండి. పెద్ద అక్షరాలు వద్దు, చాలా సర్వర్లు వాటిని వేరే ఫైలుగా చూస్తాయి. తెలుగు పేరును టైటిల్ ట్యాగ్‌లో, హెచ్1లో (పేజీలోని ప్రధాన శీర్షిక), ఓజీ టైటిల్‌లో (లింకు ప్రివ్యూలో కనిపించే శీర్షిక) రాయండి. వాట్సాప్ ప్రివ్యూలో చక్కగా తెలుగే కనిపిస్తుంది. పేజీ పైన మెటా చార్‌సెట్ యూటీఎఫ్-8 అని ఉందో లేదో చూసుకోండి, లేకపోతే అక్షరాలు చెడిపోవచ్చు.

ఒక్క జాగ్రత్త. ఇప్పటికే నలుగురికీ పంపిన పేజీకి పేరు మారిస్తే పాత లింకులన్నీ 404, అంటే ‘పేజీ దొరకలేదు’ అని చూపిస్తాయి. అలాంటప్పుడు పాత ఫైలును తీసేయకుండా, అందులో కొత్త చిరునామాకు వెళ్లేలా మెటా రిఫ్రెష్ లైను ఒకటి, మామూలు లింకు ఒకటి ఉంచండి.