టర్బో లారీకి పంపు టైమింగ్ ఎలా పెట్టాలి?

కరీంనగర్ గ్రానైట్ బండలకైనా, భూపాలపల్లి బొగ్గుకైనా తిరిగే పాత లారీ చడావులో (ఎత్తు ఎక్కేటప్పుడు) నల్లపొగ వదిలిందంటే డ్రైవర్ ముందు అనే మాట "టైమింగ్ పోయింది" అని. చాలాసార్లు పోయేది టైమింగ్ కాదు. ఎయిర్ ఫిల్టర్ మూసుకుపోయిందా, టర్బో నుంచి ఇంజిన్‌కు వెళ్లే హోస్ పగిలిందా, డీజిల్ చిమ్మే నాజిళ్లు కారుతున్నాయా, వాల్వులను కదిలించే ట్యాపెట్ల గ్యాప్ సరిగ్గా ఉందా అనేవి ముందు చూడండి. ఇవి తేల్చకుండా డీజిల్ పంపు మీద పానా పెట్టొద్దు.

ఇక్కడ చెప్పేది సిలిండర్‌కొక ప్లంజర్ (డీజిల్‌ను నొక్కే కడ్డీ) వరుసగా ఉండే మెకానికల్ ఇన్‌లైన్ పంపు ఉన్న డీజిల్ ఇంజిన్లకే. రోటరీ పంపుకు డయల్ గేజ్‌తో చేసే పద్ధతి వేరు. 2020 ఏప్రిల్ నుంచి వస్తున్న బీఎస్-6 లారీల్లోనైతే టైమింగ్‌ను ఈసీయూ (ఇంజిన్ కంప్యూటర్) చూసుకుంటుంది, మనం తిప్పేదేమీ ఉండదు.

పెట్రోల్ ఇంజిన్‌లో స్పార్క్ ఎప్పుడు పడాలన్నది టైమింగ్ అయితే, డీజిల్‌లో స్ప్రే ఎప్పుడు మొదలవ్వాలన్నది టైమింగ్. టర్బో గాలిని నొక్కి పంపడం వల్ల సిలిండర్‌లో ఒత్తిడి, వేడి పెరిగి డీజిల్ త్వరగా అంటుకుంటుంది. అందుకే టర్బో లేని ఇంజిన్ డిగ్రీలు దీనికి పెడితే లెక్క తప్పుతుంది. స్ప్రే మరీ అడ్వాన్స్ (ముందుగా) అయితే ఇంజిన్ గట్టిగా కొడుతుంది, హెడ్ గ్యాస్కెట్‌కూ పిస్టన్లకూ దెబ్బ. రిటార్డ్ (ఆలస్యం) అయితే పికప్ పోతుంది, సైలెన్సర్ వైపు వేడి పెరిగి టర్బో మీద పడుతుంది. చెవితో విని పంపు కొంచెం తిప్పే అలవాటు కొందరికి ఉంది. ఖాళీ బండి మీద అది బాగానే ఉన్నట్టు అనిపిస్తుంది, లోడు ఎక్కాక అసలు సంగతి బయటపడుతుంది.

చక్రాలకు అడ్డు పెట్టి, గేర్ న్యూట్రల్‌లో ఉంచి, బ్యాటరీ టెర్మినల్ తీసేయండి. ఇంజిన్ ప్లేట్ మీదో మాన్యువల్‌లోనో పిస్టన్ పైకొనకు చేరడానికి ఎన్ని డిగ్రీలు ముందు అని ఉందో చూసుకోండి. పక్క షెడ్డులో ఇంకో మోడల్‌కు పెట్టిన లెక్క వద్దు.

పుల్లీ బోల్టుకు పానా పట్టి, ఇంజిన్ నడిచే దిశలోనే తిప్పుతూ ఒకటో సిలిండర్‌ను కంప్రెషన్ (గాలిని నొక్కే దశ) మీదకు తీసుకురండి. ఆరు సిలిండర్ల ఇంజిన్‌లో ఆరోదాని వాల్వులు రెండూ కదులుతున్నప్పుడు ఒకటోదాని ట్యాపెట్లు రెండూ వదులుగా ఉండాలి. లేదంటే ఇంకో చుట్టు తిప్పాలి.

ఇక అసలు పని. పంపు చుట్టూ మట్టి, గ్రీజు శుభ్రంగా కడగండి. ఒక్క ఇసుక రేణువు ప్లంజర్‌ను గీకేస్తుంది. పంపు దగ్గర ఒకటో నాజిల్ పైపు విప్పి, దాని కింది హోల్డర్ తీసి, అందులోని డెలివరీ వాల్వు, స్ప్రింగ్ బయటికి తీసి శుభ్రమైన డీజిల్‌లో వేసి ఉంచండి. హోల్డర్‌ను తిరిగి బిగించి దానికి వంపు తిరిగిన చిన్న పైపు తగిలించండి. స్టాప్ లివర్ రన్‌లో, యాక్సిలరేటర్ ఫుల్‌లో ఉండాలి. స్టాప్ లాగి ఉంటే పోర్టు (ప్లంజర్ పక్కన డీజిల్ వచ్చే రంధ్రం) మూసుకోనే మూసుకోదు, డీజిల్ కారుతూనే ఉంటుంది. ఎంత తిప్పినా ఫలితం రాక తల పట్టుకునేది ఇక్కడే.

ఇంజిన్‌ను వెనక్కి, ఆ డిగ్రీ మార్కు దాటేలా తిప్పి, మళ్లీ నెమ్మదిగా ముందుకు తీసుకురండి. ఇలా చేస్తే గేర్లలోని వదులు పోతుంది. ఒకరు హ్యాండ్ ప్రైమర్ (చేత్తో డీజిల్ పంపే చిన్న పంపు) కొడుతుంటే ఇంకొకరు తిప్పాలి. ధారగా వచ్చే డీజిల్ సన్నబడి, ఆగి ఆగి ఒక్కో చుక్క పడే దశకు వస్తుంది. ప్లంజర్ పోర్టును మూసేసిన క్షణం అదే, అంటే పంపు ఒత్తిడి మొదలుపెట్టే చోటు. అక్కడ ఆపి పుల్లీ మీదో ఫ్లైవీల్ మీదో డిగ్రీ చదవండి.

తేడా ఉంటే పంపు బోల్టులు వదులు చేసి బాడీని జరపండి. పంపు షాఫ్ట్ తిరిగే దిశకు ఎదురుగా జరిపితే అడ్వాన్స్, తిరిగే వైపే జరిపితే రిటార్డ్. పంపు షాఫ్ట్ ఇంజిన్ క్రాంక్ షాఫ్ట్‌లో సగం వేగంతో తిరుగుతుంది కనుక పంపు దగ్గర ఒక డిగ్రీ అంటే క్రాంక్ దగ్గర రెండు. అందుకే వెంట్రుకవాసి చొప్పున జరపాలి. బోల్టులు బిగించాక ఇంజిన్‌ను రెండు చుట్లు తిప్పి మళ్లీ చుక్క చూడండి. బిగించేటప్పుడు పంపు కదలడం మామూలే.

డెలివరీ వాల్వు, స్ప్రింగ్ యథాస్థానంలో పెట్టి, కొత్త రాగి వాషర్‌తో మాన్యువల్ చెప్పినంత టార్క్‌కే బిగించండి. తర్వాత పైపుల్లో ఎయిర్ తీయండి. స్ప్రే పడుతున్న పైపు ముందు చెయ్యి మాత్రం పెట్టకండి, ఆ ఒత్తిడికి డీజిల్ చర్మంలోకి దూసుకుపోతుంది.

ఇంజిన్ వేడెక్కాక లోడుతో ములుగు రోడ్డు వైపో, హైదరాబాద్ హైవే మీదో నడిపి చూడండి. చడావులో పొగ ఇంకా నల్లగానే వస్తుంటే టైమింగ్‌ను మళ్లీ కదిలించకండి, పంపును పరీక్షించి సరిచేసే క్యాలిబ్రేషన్ బెంచ్ మీదకు పంపండి.